నాలుగో హార్న్ పట్టిన స్వరం

ప్రొఫెసర్ ఓతకార్ బ్లాహాకి లోకంలో ఒకటే లోటు కనిపించేది: దేనికీ పెడల్ లేదని. పియానోకి కాలికింద పెడల్ ఉంటుంది. దాన్ని తొక్కిపెడితే వేలు లేచాక కూడా స్వరం మోగుతూనే ఉంటుంది. ఆర్కెస్ట్రాలో అలాంటిదేమీ లేదు కాబట్టి, ఎవరో ఒకరు ఆ మోతను పట్టుకుని కూర్చోవాలని ఆయన సిద్ధాంతం. అంతవరకూ బాగానే ఉంది. దాన్ని ఆయన కనిపించిన ప్రతిదానికీ తగిలించేవాడు.

క్యాంటీన్‌లో వెల్లుల్లి సూప్ ఒక చెంచా తాగి, వడ్డించే ఆవిడతో "ఇందులో పెడల్ లేదు మార్తా," అనేవాడు.

"బంగాళాదుంప ఉంది. తినండి," అనేది ఆవిడ.

ఒక శిష్యురాలి పెళ్లిలో వరుడి ప్రమాణం విని, గొంతు బాగుంది గానీ పెడల్ లేదని పక్కవాళ్లతో అన్నాడు. అది పెళ్లికూతురి తల్లి చెవిన పడింది. ఆ తర్వాత ఆయన్ని అంత్యక్రియలకు పిలవడానికి కూడా జనం జంకారు. ఉక్కు కొలిముల పొగ కమ్మిన ఓస్ట్రావాలో శీతాకాలం వస్తే అంత్యక్రియలకు కొదవ లేదు.

ఆ నవంబరులో మంచు కూడా నల్లగానే పడింది. ఊరి ఆర్కెస్ట్రాలో మనుషుల్ని తగ్గించాలనుకున్న డైరెక్టర్ చూపు, హార్న్ అనే ఇత్తడి ఊదువాద్యం వాయించే నలుగురిలో నాలుగోవాడైన వెండెలీన్ మీద పడింది. అరవై దాటిన ఒంటరి మనిషి. ఉద్యోగం పోతే ఆర్కెస్ట్రా ఇచ్చిన గదీ పోతుంది. ఒకప్పుడు మొదటి హార్న్ అతనిదే. ఇప్పుడు ప్రొఫెసర్ ఏ పియానో కృతిని ఆర్కెస్ట్రాకి మార్చి రాసినా అతనికి ఒకటే పని: అందరూ హడావుడిగా వాయిస్తుంటే అడుగున ఒక మంద్రస్వరం పట్టుకుని ఉండటం. ఆ స్వరాన్ని బసూన్ అనే పొడవాటి చెక్క ఊదువాద్యానికి ఇచ్చేస్తే సరిపోదా అని డైరెక్టర్ అడిగాడు. కొత్త కృతిని పరిశీలించి నివేదిక రాయమని ప్రొఫెసర్ సహాయకురాలు యార్మిలాకి అప్పగించాడు.

అది ఒక శవయాత్ర గీతం. యార్మిలా పియానో ప్రతినీ ప్రొఫెసర్ రాతనూ పక్కపక్కన పెట్టుకుంది. ఎడమచేతి బరువైన అడుగులు చెల్లోలనే పెద్ద తంత్రీవాద్యాలకి వెళ్లాయి, కుడిచేతి చినుకుల్లాంటి స్వరాలు క్లారినెట్లకి. రంగులు ఎంత బాగా కుదిరాయో రాసుకుంటూ పోయి, నలభై ఒకటో ఆవర్తం దగ్గర ఆగిపోయింది. పియానో ప్రతిలో అక్కడ చిన్న నక్షత్రం ఉంది. పెడల్ మీంచి కాలు తీసెయ్యమని దాని అర్థం. ఆ తర్వాత పద్దెనిమిది ఆవర్తాల దాకా మళ్లీ తొక్కమని లేదు. కట్టె విరిచినట్టు పొడిగా మోగవలసిన చోటది. సరిగ్గా అక్కడే నాలుగో హార్న్ అందుకుంటోంది.

ఆమె కాగితాలు పట్టుకుని ప్రొఫెసర్ గదికి వెళ్లింది.

"ఇక్కడ పెడల్ లేదు ప్రొఫెసర్‌గారూ."

"లేదు."

"మరి?"

ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడిచాడు. వెండెలీన్‌కి ముందుపళ్లు పోయాయనీ, కట్టుడుపళ్లతో పైస్వరాలు పలకడం లేదనీ, మెల్లగా పట్టే ఆ కిందిస్వరం ఒక్కటే మిగిలిందనీ నేలకేసి చూస్తూ చెప్పాడు. ఈ కృతిలో వాడికి ఇంకెక్కడా చోటు దొరకలేదట.

"ఇది తప్పని మీకు తెలుసు."

"నా విద్యార్థి ఎవడైనా ఇలా రాస్తే ఫెయిల్ చేస్తాను."

యార్మిలా నాలుగు పేజీల నివేదిక రాసింది. బసూన్ గొంతు ముక్కుతో పలికినట్టుంటుందనీ, అడుగున హార్న్ లేకపోతే క్లారినెట్లు గాల్లో వేలాడతాయనీ రాసింది. రాస్తూండగా ఆమెకే అనుమానం వచ్చింది, అది నిజమేనేమోనని. ఆ పొడిచోట ఆ స్వరం వినిపిస్తే, శవపేటిక వెనకాల ఒక మనిషైనా నడుస్తున్నట్టుంది.

డైరెక్టర్ నాలుగో హార్న్‌ని ఉంచేశాడు.

మొదటి రిహార్సల్ విరామంలో వెండెలీన్ ముఖం కందగడ్డలా చేసుకుని నేరుగా ప్రొఫెసర్ మీదికి వచ్చాడు.

"పద్దెనిమిది ఆవర్తాలు, మధ్యలో ఊపిరి లేదు. మనుషుల కోసమేనా నువ్వు రాసేది?"

"సంగీతం అడిగింది రాశాను. పో."

ఇలాంటి రాతల మీద డైరెక్టర్‌కి ఫిర్యాదు పెడతానని గొణుక్కుంటూ వెండెలీన్ బయటికి వెళ్లిపోయాడు. యార్మిలా అతని స్వరాల కాగితం ఉన్న స్టాండు దగ్గరికి వెళ్లి, ఆ పద్దెనిమిదిలో తొమ్మిదో ఆవర్తం చివర పెన్సిలుతో ఒక ఊపిరి గుర్తు పెట్టింది. తన రాత మీద ఇంకొకరి పెన్సిలు పడితే ఊరుకోని ప్రొఫెసర్ ఆమె భుజం మీంచి తొంగిచూశాడు.

"ఇంకోటి పెట్టు," అన్నాడు. "వాడు సిగరెట్లు కూడా కాలుస్తాడు."