కూడలిలో దిష్టి నిమ్మకాయలు

ఇప్పుడెవరైనా నన్ను ధైర్యవంతుడంటే మా ఆవిడ నవ్వు ఆపుకోవడానికి వంటింట్లోకి వెళ్తుంది. ఈ పరాయి దేశంలో పీఆర్, అంటే శాశ్వతంగా ఉండే అనుమతి, ఇంకా రాని ఆ రోజుల్లో నేను పచ్చలైటు పడ్డాక కూడా ఒకసారి ఆలోచించి కారు కదిలించేవాణ్ణి. వెర్రిబీ అనే ఇక్కడి ఊళ్ళో కాపురం పెట్టి నెల తిరగలేదు. తన చెల్లెలి పెళ్ళికి ఊరెళ్ళడానికి ఆవిడ టికెట్టు అప్పటికే తీసేశాం. "ఈడ నాకు బాగలేదనిపిస్తే మళ్ళా రాను, ముందే చెప్తాండా" అంది. అనంతపురం మనిషి, మాటంటే మాటే. ఎలాగైనా ఈ దేశం నచ్చేలా చేయాలని, ఐదు గంటల దూరంలో ఏదో సరస్సు పార్కు ఉందంటే బయలుదేరదీశాను.

కారు పాతదే అయినా మాకు కొత్తది కనుక ఆవిడ ముందు బంపరుకి నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చిన దండ కట్టింది. పార్కు ఇంకో గంట ఉందనగా, మూడు దారులు కలిసేచోట పెద్ద బోర్డు: పండ్లు ఇక్కడి డబ్బాలో వేసి వెళ్ళండి, తోటలకు ఈగ పడుతుంది, తీసుకెళ్తే జరిమానా. కారు పక్కకి ఆపేశాను. (నిమ్మకాయ పండు కిందికి వస్తుందా అని ఫోనులో వెతికాను. సిగ్నల్ లేదు.) "దండ విప్పి డబ్బాలో పడేద్దాం, అక్కడ నా పీఆర్ ఫైలు నలుగుతోంది" అన్నాను. "దిష్టికాయలు యాడన్నా చెత్తడబ్బాలో ఏస్తారా? మూడు దార్లు కలిసేకాడ పారేయల్ల" అంటూనే ఆగి, డబ్బానీ దారుల్నీ మార్చి మార్చి చూసింది. "ఈండ్లకీ తెలిసినట్లుందే. సరే, కారు ముందర నిలబడుకోండి."

కారుకీ నాకూ కలిపి మూడుసార్లు దండ తిప్పింది. అటుగా వచ్చిన లారీ నెమ్మదించింది. "ఆల్ గుడ్, మేట్?" అన్నాడు డ్రైవరు. చేతులు కట్టుకుని నిలబడ్డ నేను "క్వారంటైన్" అన్నాను. ఆయన గంభీరంగా తలూపి వెళ్ళిపోయాడు. ఆవిడ దండ డబ్బాలో వేసి, మూత పట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. ఇక్కడికొచ్చాక ఆవిడ అలా నవ్వడం అదే మొదలు.

సరస్సుకి ఒక పక్క పొట్టి పొదలతో ఎర్రటి ఇసుక దిబ్బలు, ఇంకో పక్క నల్లటి బురదలో ముసలి గమ్ చెట్లు, మన నీలగిరి జాతివి. ఆవిడ చాలాసేపు చూసి, "ఇట్ల మా అనంతపురం, అట్ల మీ గుంటూరు. రెండూ ఒక్కతావే ఉండాయి" అంది. ఈ నీళ్ళు ఎప్పుడూ ఉంటాయా అని అడిగింది. ఏరు పొంగిన ఏడాదే నిండుతుందట, లేకపోతే ఎండిపోతుందట అన్నాను.

"అయితే ఎండినప్పుడు గూడా వచ్చి చూడల్ల."

"అంత దూరం మళ్ళీ ఎందుకులే" అన్నాను, పెట్రోలు ముల్లు చూసుకుంటూ. ఆవిడ సీటు బెల్టు పెట్టుకుంది. మళ్ళీ వచ్చి చూడాలన్న ఆ మాటకి అర్థమేమిటో ఇంటికొచ్చి కారు తాళం వేస్తుంటే తట్టింది. లోపలికి పరుగెత్తి, "వెళ్దాం, తప్పకుండా వెళ్దాం" అన్నాను. అంత తెలివిగలవాడితో కాపురం చేయడానికే పాపం, చెల్లెలి పెళ్ళి చూసుకుని తిరిగొచ్చింది.