నాన్న చూడని ఛేజింగ్

నిన్న ఫోనులో ‘సినిమాల్లో గొప్ప కార్ల ఛేజింగులు’ అని ఒక వీడియో వచ్చింది. టైర్లు కీచుమనగానే నాకు పెట్రోలూ, తడిసిన రేకు డబ్బా కలిసిన వాసన తగిలింది.

మన ఊరివాళ్లందరికీ గుర్తుందా, కాలవ గట్టు మీది మన సినిమా హాలు? రెండు ఊళ్లకీ ఒకటే ప్రింటు. పక్క ఊళ్లో ఒక రీలు ఆడగానే మన ఊరికి రావాలి. దాన్ని మోపెడ్ మీద తెచ్చేది మా నాన్నే. కాస్త ఆలస్యమైతే మీరంతా బెంచీలు బాదేసేవారు. వానొస్తే ఆయన చొక్కా విప్పి రీలు డబ్బాకి చుట్టేవారు. ఆ కార్ల సినిమా వచ్చినప్పుడు, ఛేజింగ్ అక్కడ ఆడుతున్నప్పుడూ, ఇక్కడ ఆడుతున్నప్పుడూ నాన్న ఆ బురద గట్టు మీదే ఉండేవారు. ఒక్క ఆటలోనూ చూడలేదు.

ఆ హాలు ఇప్పుడు చేపల మేత గోడౌను. నాన్నకి షుగరుతో చూపు పూర్తిగా పోయింది.

నిన్నటి వీడియోలో మనం చూసిన ఆ ఛేజింగ్ కూడా ఉంది.

“ఏంటమ్మా ఆ మోత?” అన్నారు నాన్న.

“ఆ కార్ల సినిమా నాన్నా. మీరు రీళ్లు మోసిందే.”

“అవునా! ఏదీ, ఇటు తిప్పు.”

తిప్పాను. తెర వెలుతురు కూడా పూర్తిగా పెంచాను. ఆయన గోడ వైపు ముఖం పెట్టి కదలకుండా విన్నారు. మోత ఆగాక అడిగారు:

“చివరికి వాడు దొరికాడామ్మా?”

మీరంతా చూశారు కదా. నేనైతే వీడియోని మళ్లీ మొదటికి తిప్పేశాను. ఎవరైనా ఆయనకి చెప్పండి.