స్ట్రాంగ్లీ అపోజ్డ్ అన్నాను, కొట్టు పోయింది

యూనివర్సిటీలో నా చాయ్ కొట్టు పోయిందంటే అందరూ బుల్డోజరును తిడతారు. పాపం, దాని తప్పేం లేదు. కూల్చింది నా నోరు. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. నాకైతే ఇప్పటికీ నవ్వు రాదు.

యాభై దాటాక అక్షరాలు దిద్దాను. దిద్దించింది సుజాత, అడిక్‌మెట్‌లో గది తీసుకుని చదువుకునే పిల్ల. హాస్టలు ముందరి కొట్లు తీసేస్తారని కబురొచ్చి, మమ్మల్ని మీటింగుకు పిలిచినప్పుడు తనే నాకో ఆయుధమిచ్చింది.

“‘ఐ యామ్ స్ట్రాంగ్లీ అపోజ్డ్’ అను అమ్మా. గట్టిగ వ్యతిరేకిస్తున్న అని.”

“తెలుగుల చెప్తే ఏమైతది?”

“తెలుగుల చెప్తే ఏడుస్తున్నవనుకుంటరు. ఇంగ్లీషుల చెప్తే పాయింటనుకుంటరు.”

స్ట్రాంగంటే నాకు కొత్తా? నా చాయే స్ట్రాంగు. గిన్నెలు తోముతూ అదే మాట వల్లించాను.

మీటింగు నాడు సుజాతకు పరీక్ష, రాలేదు. ఆఫీసరు ఇంగ్లీషులో ఏదో చదివాడు, ఎండాకాలం కరెంటు కోతంత పొడుగు. చదివి నా వైపు చూశాడు. పక్కనున్న ఆఫీసు గుమస్తా నన్ను మోచేత్తో పొడిచాడు. “నీ గురించే అమ్మా. ఒప్పుకుంటవా?”

మీటింగంటే వ్యతిరేకించడమేనని క్యాంపస్‌లో ఇన్నేళ్లూ చూసినదాన్ని. లేచి బల్ల గుద్దాను.

“ఐ యామ్ స్ట్రాంగ్లీ అపోజ్డ్!”

వెనక, మాకు మద్దతుగా వచ్చిన హాస్టలు పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్లకు వ్యతిరేకమని వినబడితే చాలు, దేనికని అడగరు.

“జర ఆలోచించుకో,” అన్నాడు గుమస్తా.

“ఆలోచించేదేంది? స్ట్రాంగ్లీ!”

బయటికొచ్చాక గుమస్తా నెత్తి కొట్టుకున్నాడు. “సారు చెప్పిందేంది, నువ్వన్నదేంది? కొట్లన్నీ తీసేసి, ముసలామె అని నీదొక్కటి ఉంచుతమన్నడు!”

వెనకే వస్తూ ఆ మాట విన్న పక్క కొట్టు మిర్చిబజ్జీల మల్లేశు నా చేతులు పట్టుకున్నాడు, కళ్లనిండా నీళ్లు.

“మా కోసం నీ కొట్టు వదులుకున్నవా అక్కా! సొంత అక్క గూడ గిట్ల చెయ్యదు.”

నిజం చెబుదామనుకున్నాను. లోపల అంత గట్టిగా అరిచిన నోరు అప్పుడు పెగల్లేదు.

ఇప్పుడు తార్నాకలో మెట్రో పిల్లరు కింద నా తోపుడుబండి. హాస్టలు పిల్లలు ఇంత దూరం రారు. బేరం లేక పాలు విరిగిపోతాయి. పక్కనే బజ్జీల బండి పెట్టుకున్న మల్లేశు మాత్రం ఎండ ముదిరితే తన బండి పక్కకు జరిపి నీడ నాకిస్తాడు, బజ్జీలకొచ్చిన ప్రతివాడికీ నా త్యాగం వినిపిస్తాడు. మొన్న పోలీసొచ్చి బండ్లు తీయమంటే, “అక్కా, ఆ ఇంగ్లీషు మాట ఒక్కసారి అనరాదే!” అన్నాడు.

అందుకే మండుతున్న ఈ స్టవ్వు సాక్షిగా ఒట్టు పెడుతున్నాను: అవతలివాడు ఏమన్నాడో తెలుగులో విననిదే ఇక దేన్నీ వ్యతిరేకించను. వ్యతిరేకించాల్సింది ఒక్కటి మిగిలింది, మల్లేశు పొగడ్త. దానికి మాత్రం నాకు తెలుగు కూడా రావడం లేదు.