పసుపు రాసిన రాయి పక్కన అయిదు గుడ్లు

అక్టోబరు ఎనిమిది, బుధవారం, సాయంత్రం నాలుగుంబావు. బత్తలపల్లె దగ్గర మా చేని గట్టున ఒక నక్షత్ర తాబేలు వెనక కాళ్లతో గుంత తవ్వుతుంటే చూశాను. వాన లేక బిగిసిన ఎర్రనేల. తన ఒంట్లోని నీళ్లు వదిలి, నేల మెత్తబడ్డాక తవ్వింది. అయిదూ నలభైకి అయిదు గుడ్లు పెట్టి, మన్ను కప్పి వెళ్లిపోయింది.

కుక్కలు, ముంగిసలు తవ్వకుండా ఇలాంటి గూళ్లను మా ఊళ్లో నలుగురు ఆడవాళ్లం మూడేళ్లుగా కాస్తున్నాం. పైన పాత ఇనుప జల్లెడ బోర్లించి, చుట్టూ ముళ్లకంప వేసి, రోజూ వంతుల ప్రకారం వెళ్లి చూస్తాం. పిల్లలు రావడానికి సుమారు నాలుగు నెలలు. ఈసారి నా భయం ట్రాక్టరు గురించి. దుక్కికి వస్తే గట్టు అంచుదాకా దున్నుతారు. అందుకని జల్లెడ పక్కన అడుగెత్తు రాయి నాటి, పసుపు రాసి, కుంకుమ పెట్టాను. అనుకున్నట్టే ట్రాక్టరు మూడు బారల దూరం నుంచే మళ్లిపోయింది.

నవంబరు ఇరవై అయిదు, మంగళవారం, కాపలా వంతు నాది. చెల్లెలు కూడా వచ్చింది. పొద్దున ఏడింటికి పక్క ఊరి మేకలామె వచ్చి రాయి ముందు నీళ్ల బిందె దించింది.

"ఏమమ్మా, ఈడ నీళ్లు పోస్తాండావు?"

"వాన కోసరం, టీచరమ్మా. ఏడు మంగళవారాలు పోస్తామని మా వీధిలో ఆరుగురం మొక్కినాము. ఇది మూడోది."

"ఏ దేవతకు?"

"నాకేం తెలుసు? పెట్టినది నువ్వంట కదా, నువ్వే చెప్పు!"

చెల్లెలు పకపకా నవ్వింది. "చెప్పక్కా, ఆయమ్మ అడిగేది న్యాయమే."

నాకు నవ్వు రాలేదు. రెండు వారాలు, ఆరు బిందెల చొప్పున పన్నెండు. తడి కనబడితే మంచు అనుకుని వంతుకొచ్చిన మావాళ్లు వదిలేశారు.

"దేవత కాదమ్మా. ఈడ తాబేలు గుడ్లుండాయి, తడికి కుళ్లిపోతాయి."

ఆమె బిందె మీది చెయ్యి తియ్యలేదు. "మా బోరు ఎండి రెండేండ్లాయ. మొక్కు నడిమధ్యలో నిలిపితే నాకేమన్నా అయితే ఎవురు చూస్తారు?"

ఆమె మొక్కు ఆపించాలని నాకు లేదు. గుడ్లను వదిలే ఉద్దేశమూ లేదు.

"రాయి కదిలితే దేవత కదులుతుందా?" అని అడిగాను.

ఆమె బిందె పక్కకు జరిపింది. "కదులుతాది. కింద పెట్టకుండా మోయల్ల. నేనూ ఒక చెయ్యి పడతా."

ముగ్గురం మోశాం. ఇరవై అడుగుల అవతల నాటాం. మూడో వారం బిందెలన్నీ అక్కడే పడ్డాయి. తడిసిన పైమన్ను తీసి పొడిమన్ను కప్పాను. మిగిలిన నాలుగు వారాలూ ఆమె నీళ్లు పోసి, "నీ గుడ్లెట్లుండాయి?" అని అడిగి పోయేది.

ఇప్పుడు గూళ్లకు గుర్తు నీలం రంగు కర్ర. దానికి ఇంతవరకు ఎవరూ మొక్కలేదు. మొక్కితే అదీ మారుస్తాను.

ఫిబ్రవరి అయిదున, నూట ఇరవయ్యో రోజు, ఒక పిల్ల బయటికొచ్చింది. ఇంకో నెల ఆగి గూడు తెరిచాను. అయిదింటిలో కుళ్లిపోయినవి నాలుగు.