పప్పన్నంలో కుడిచెయ్యి

"సార్, రేపటి నుంచి ఇంకెవరినన్న చూస్కోండి. ఆమె లేదు" అన్నాడు ఫోనులో ఆమె భర్త. జ్వరమని దవాఖానలో చేరిన మూడో రోజున, నలభై నిండకుండానే, మా ఫిజియోథెరపిస్టు పోయింది. డెబ్బై ఆరేళ్ల నేను, సగం చచ్చిన కుడిచేత్తో, ఇంకా ఉన్నాను. ఇందులో న్యాయం ఎక్కడుందో చెప్పే పుస్తకం నేను చదివినవాటిలో ఒక్కటీ లేదు.

పక్షవాతం వచ్చిన తొమ్మిదో రోజున నన్ను దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటికి తెచ్చారు. ప్రేమగలవాళ్లంతా మీద పడ్డారు. కదిలితే మళ్లీ వస్తుందని భయపెట్టాడు తమ్ముడు. లేపేటప్పుడు పడిపోయిన చేతినే పట్టుకుని లాగాడు. మలక్‌పేట నుంచి వచ్చిన అక్క మూడు పూటలా అన్నం కలిపి నోట్లో ముద్దలు పెట్టింది. వాళ్లిద్దరూ ఇది చదువుతారు. చదవాలనే రాస్తున్నాను. అయితే, తిన్నది నేను. హాయిగానే ఉండేది. నా సిగ్గు అది.

ఫిజియోథెరపిస్టు మొదటి రోజు వచ్చి, గుమ్మంలోనే ఆగింది.

"ఏందమ్మా ఇది? సారుకు అన్నప్రాసన చేస్తున్నరా?"

"చెయ్యి లేవట్లేదమ్మా వాడికి. చూస్తూ ఊరుకోమంటావా?" అంది అక్క.

"ఊకోవాలె. మీరు తినిపించిన కొద్దీ ఆ చెయ్యి పని మరుస్తది. గీ మొదటి నెలల్ల ఒక్కో దినం బంగారం."

నా ఎడమచేతిని ఒళ్లో పెట్టి, కుడిచేతిని కంచంలోకి తెచ్చింది. వేళ్లు పప్పన్నంలో పరాయివాళ్లలా పడుకున్నాయి. ఎంతకీ లేవలేదు. ఆమెను నోటికొచ్చినట్టు తిట్టాను.

"మాటలు మంచిగనే ఒస్తున్నయి సార్. ఇగ బొటనవేలు చూద్దాం."

కర్మన్‌ఘాట్ నుంచి స్కూటీ మీద వచ్చేది. నేను ముద్ద ఎత్తుతుంటే నా ముఖం చూసేది కాదు. మోచేతి కిందే కళ్లు పెట్టేది. మనిషి అవమానాన్ని చూడకుండా ఉండటం ఒక చదువు. అది నాకు ఇప్పటికీ రాలేదు. పోచంపల్లి నేతవాళ్ల పిల్ల. "మా నాయిన మగ్గం మీద తెగిన పోగు దేవులాడి దొరకవట్టి ముడేస్తుండె. నేను గదే చేస్తున్న" అనేది.

ఒక పూట భోజనం మొత్తం ఆ చేత్తో తినాలన్నది ఆమె పెట్టిన గురి. అంతకు మించి ఆశ చూపలేదు. ఆమె పోయేనాటికి నాలుగు ముద్దల దాకా వచ్చాను. తర్వాత వచ్చినవాడు చేతికి కరెంటు మిషను తగిలించి, తన ఫోను చూసుకుంటాడు. నాలుగు మూడయ్యాయి. మూడు రెండవుతాయని భయంగా ఉంది.

ఆమె పోయిన పదకొండో రోజున, కర్మ భోజనాలకు, ఎల్బీనగర్‌లో, ఫంక్షన్ హాల్లో, బల్లల మీద వరసగా విస్తళ్లు వేశారు. అక్క సంచిలోంచి చెంచా తీసింది. వద్దన్నాను. రెండో ముద్ద చొక్కా మీద పడింది. మూడోది నోటిదాకా వచ్చింది. అప్పటికే వరసంతా తినడం అయిపోయింది. నాలాంటి పెద్దవాడు ఇంకా తింటుంటే పంక్తి లేవకూడదు కదా, ఎవరూ లేవలేదు.

"చెంచాతో కానియ్యరా, అందరూ నీకోసమే కూర్చున్నారు" అని గొణిగింది అక్క.

వడ్డిస్తూ ఫిజియోథెరపిస్టు భర్త నా ఎదురుగా వచ్చి ఆగాడు. "కూసుంటరమ్మా. ఆయన తిననీ" అన్నాడు.

వరస పొడుగునా ఎంగిలిచేతుల మీద మెతుకులు ఎండిపోతున్నాయి. నా నాలుగో ముద్ద విస్తరికీ నోటికీ మధ్య ఆగి ఉంది.