వెనక వరస పెట్టెలు

బోల్టుల ఫ్యాక్టరీలో స్టోర్‌రూమ్ చూసే ఆవిడని అందరూ స్టోరమ్మ అంటారు. తనిఖీకి ఎవరొచ్చినా ముందు అరలు నిండుగా సర్దేసి, వెనక ఖాళీ పెట్టెలు పేర్చి, ఇరవై ఏళ్లుగా నెట్టుకొస్తోంది.

ఈమధ్య నాలుగు మెట్లెక్కితే చాలు, కూలబడుతోంది. హిమోగ్లోబిన్ బాగుందని రిపోర్టు రాగానే, "చూశావా, గుండ్రాయిలా ఉన్నా!" అని మొగుడి ముఖాన ఊపింది. డాక్టరమ్మ మాత్రం ఊరుకోక, ఫెర్రిటిన్ అని ఇంకో రక్తపరీక్ష చేయించింది.

"ప్రస్తుతానికి రక్తానికి ఇనుము సరిపోతోందమ్మా. కానీ ఒంట్లో ఇనుము నిల్వ అడుగంటింది."

"అంటే... ముందు అరలు నిండుగా, వెనకంతా ఖాళీ పెట్టెలా?"

"అచ్చం అంతే! భలే పట్టేశారే!"

స్టోరమ్మ పక్కనే ఉన్న మొగుడి వైపు చూడకుండా నిట్టూర్చింది.

"ఇరవై ఏళ్లలో వెనక పెట్టె మూత తీసి చూసింది మీరొక్కరే డాక్టరమ్మా!"