కార్డు మార్చిన రోజు

మా కంప్యూటర్ మామ పోయాడని మొన్న మంగళవారం పొద్దున ప్రొద్దుటూరు నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేశాడు. "మధ్యాన్నం నమాజు అయినాక తీసుకపోతాం. వచ్చేటట్టుంటే రాప్పా" అన్నాడు. సరేనని ఫోన్ పెట్టేసి లోపలికి పోయాను. ఎక్స్‌రే పలకకు ఎదురుగా ఒక పెద్దాయన చొక్కా విప్పి నిలబడి ఉన్నాడు. ఊపిరి బిగబట్టమని చెప్పి బొమ్మ తీశాను. వదలమని చెప్పడం మరచిపోయాను. కాసేపటికి ఆయనే, "ఇంక ఇడుస్తునా అప్పా?" అని అడిగాడు.

జమ్మలమడుగులో ఒక చిన్న ఎక్స్‌రే సెంటర్‌లో బొమ్మలు తీయడం నా పని. బొమ్మ ఇప్పుడు ఫిల్ము మీద కాదు, కంప్యూటర్ తెర మీద పడుతుంది. ఆ కంప్యూటర్‌కు జబ్బు చేసినప్పుడల్లా ప్రొద్దుటూరు నుంచి బస్సెక్కి వచ్చేవాడు మామ. నాకు చుట్టం కాదు. ఊళ్లో అందరూ అట్లా పిలుస్తారని నేనూ పిలిచాను. ఆయన చిన్నాపెద్దా అందరినీ "అప్పా" అనేవాడు.

గుడ్డసంచిలో రెండు స్క్రూడ్రైవర్లు, గడ్డం గీసుకునే పాత బ్రష్షు, బడిపిల్లలు వాడే రబ్బరు ఉండేవి. డబ్బా విప్పేముందు వెనకవైపు ముక్కుపెట్టి వాసన చూసేవాడు. ఇనుప బీరువాను ఒకసారి చేత్తో తాకి, ఒంట్లోని కరెంటు వదిలించుకుని, అప్పుడు లోపల చెయ్యిపెట్టేవాడు. విప్పిన స్క్రూలను టీ సాసర్‌లో వరసగా పెట్టేవాడు. నేను తొందరపడితే ఒకటే మాట చెప్పేవాడు: "ఒకేసారి రెండు మార్చొద్దప్పా. ఏది మారిస్తే బాగయిందో తెలీకుండా పోతాది."

ఆయన భార్య కువైట్‌లో ఒక ఇంట్లో వంటమనిషి. మధ్యాహ్నం ఆమె ఫోన్ వస్తే ఎంత పనిలో ఉన్నా బయటికి పోయి, వేపచెట్టు నీడలో నిలబడి వీడియోలో మాట్లాడి వచ్చేవాడు.

ఒకసారి లింగాల నుంచి వచ్చిన రైతు బొమ్మలో, గుండె పక్కన రూపాయి బిళ్ళంత మచ్చ కనిపించింది. తెరకు దగ్గరగా ముఖం పెట్టి మళ్లీ మళ్లీ చూశాను. అదే గదిలో వేరే పనిలో ఉన్న మామ లేచి వచ్చి తెర వైపు చూశాడు.

"మౌసు పట్టుకుని బొమ్మను పక్కకు జరుపు" అన్నాడు.

జరిపాను. పక్కటెముకలన్నీ ఎడమకు పోయాయి. మచ్చ మాత్రం ఉన్నచోటే నిలబడింది.

"ఆడనే నిలబడిందంటే అది తెరది. బొమ్మతోపాటు పోతే మనిషిది. ఈ మాట గుర్తుపెట్టుకో. తెర మాట నమ్మి మనిషిని బెదరగొట్టొద్దు."

తెర తుడిస్తే మచ్చ పోయింది. ఆ రైతుకు ఇదంతా తెలియనే తెలియదు. కాగితం తీసుకుని బస్సుకు పోయాడు.

పోయిన వేసవిలో మా కంప్యూటర్ అసలు జబ్బు మొదలైంది. పొద్దున బాగానే ఉండేది. ఎండ ఎక్కేసరికి తెర నిండా సన్నని పచ్చగీతలు నిలువునా దిగేవి. తర్వాత బొమ్మ గళ్లుగళ్లుగా విరిగి, తెర నల్లగా ఆరిపోయేది. మామ వచ్చాడు. ఆయనకు దగ్గు ఉంది. దుమ్ము పని కదా, దగ్గు ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను.

ఆ రోజు ఒక్కొక్కటే మార్చి చూశాడు. ముందు వైరు. గీతలు పోలేదు. తర్వాత తన వెంట తెచ్చిన వేరే మానిటర్. దాంట్లోనూ అవే గీతలు. అప్పుడు డబ్బా విప్పి గ్రాఫిక్స్ కార్డు బయటికి లాగాడు. అరచేతిలో పట్టేంత కార్డు అది. తెర మీద బొమ్మ నిలబెట్టేది అదే. కొన్ననాడే చవక సరుకు, పైగా పదేళ్లుగా పనిచేస్తోంది. దాని అంచున ఉన్న పసుపురంగు పళ్లను రబ్బరుతో రుద్దాడు, ఫ్యాన్‌లోని దుమ్మును బ్రష్షుతో దులిపాడు. ఆ దుమ్ముకు ఆయనకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని వంగిపోయాడు. ఎంతకీ ఆగలేదు.

పక్కగదిలోంచి, మా సెంటర్‌లో బొమ్మలు చూసే డాక్టరు బయటికి వచ్చాడు. "ఎన్నాళ్లుగా ఈ దగ్గు?"

"పండగ ముందు నుంచీ సార్."

"ఇప్పుడే ఒక ఎక్స్‌రే తీయించుకో" అని చీటీ రాసి, డాక్టరు తన ఆసుపత్రికి వెళ్లిపోయాడు.

మామ నవ్వి చొక్కా విప్పాడు. "మంచిదేలేప్పా, కార్డు టెస్టు చేసినట్టూ ఉంటాది." రుద్దిన కార్డును మళ్లీ పెట్టి కంప్యూటర్ వేశాడు. నేను ఆయన బొమ్మ తీశాను. అది కంప్యూటర్‌లోకి ఎక్కుతుండగానే పచ్చగీతలు దిగాయి. వాటి వెనక పక్కటెముకలు ఒక్క క్షణం కనిపించాయి. కుడివైపు పైన ఏదో తెల్లగా ఉన్నట్టు అనిపించింది. అంతలోనే తెర ఆరిపోయింది. మళ్లీ వెలగలేదు.

మామ కార్డు లాగి కిటికీ దగ్గర పట్టి చూశాడు. దాని మీది చిన్న గొట్టాలు రెండు తల ఉబ్బి పగిలాయి. "ఇంక ఇది పని చెయ్యదు. కొత్త రకం తెస్తే ఈ డబ్బా పవర్ సప్లై దాన్ని మొయ్యలేదు. దీని సైజుదే పాతది వెదకాల."

రెండు రోజులు సెంటర్ మూసేశాం. వచ్చినవాళ్లను వేరేచోటికి పంపాం. ఆ రెండు రోజులూ మామ బొమ్మ ఆ డబ్బాలోనే, ఎవరూ చూడకుండా ఉండిపోయింది. నేను తాళం తీసి లోపలికి పోయినప్పుడల్లా ఆ నల్లటి తెర వైపు చూడబుద్ధయ్యేది కాదు. ఆ తెల్లది పచ్చగీతల మసకే అయి ఉంటుందని నాకు నేను చెప్పుకున్నాను.

మూడోరోజు పులివెందులలో మూసేసిన ఒక నెట్ సెంటర్ నుంచి కార్డు సంపాదించుకుని వచ్చాడు. కంప్యూటర్‌లోంచి పాత కార్డు డ్రైవర్ సాఫ్ట్‌వేర్ తీసేసి, ఈ కార్డుకు సరిపోయేది వేశాడు. గంట పట్టింది. తెర తెల్లగా, నిండుగా, ఒక్క గీత లేకుండా వెలిగింది. "చూడప్పా, అద్దం మాదిరి ఉండాది" అని సంబరపడ్డాడు. "నా బొమ్మే తెరువు. అదే కదా ఆఖర్న తీసింది."

తెరిచాను. కుడి ఊపిరితిత్తి పైభాగంలో, నిమ్మకాయంత తెల్లటి మచ్చ.

మామ నా చేతిలోంచి మౌసు తీసుకున్నాడు. బొమ్మను ఎడమకు జరిపాడు. మచ్చ దాంతోపాటు ఎడమకు పోయింది. కుడికి లాగాడు. కుడికి వచ్చింది. ఇంకోసారి, మెల్లగా, తెర అంచు దాకా తీసుకుపోయాడు. మచ్చ అంచు దాకా పోయింది.

"కార్డు బాగనే పనిచేస్తాండాది" అన్నాడు. మౌసు వదిలేసి, సాసర్‌లోని స్క్రూలు ఒక్కొక్కటే బిగించడం మొదలుపెట్టాడు.

సాయంత్రం డాక్టరు చూసి, ఆలస్యం చేయకుండా కడపకు పోయి సీటీ తీయించుకోమని గట్టిగా చెప్పాడు. బస్టాండు దాకా నేనూ వెంట పోయాను.

"మీ అత్త రావడానికి ఇంకా నాలుగు నెల్లు ఉండాది" అన్నాడు మామ. "ఇప్పుడు చెప్తే ఆడ ఏడ్చుకుంటా కూచుంటాది. పాస్‌పోర్టు ఆ ఇంటి సేట్ దగ్గర ఉండాది, రావాలన్నా రాలేదు. నువ్వు ఎవురికీ చెప్పొద్దు."

"చెప్పను మామా. నువ్వు కడపకు మాత్రం పో."

"పోతాలే."

పది రోజుల తర్వాత ఫోన్ చేసి అడిగితే, పోయినాను, మాత్రలు ఇచ్చినారు అన్నాడు. నమ్మాను. సీటీ కాగితాలు చూపించమని అడగలేదు. రోజూ ఊపిరితిత్తులు చూసే వాణ్ని, మాత్రలతో పోయే మచ్చ కాదని నాకు తెలుసు. అయినా ఆయన మాట నమ్మడమే నాకు సులువనిపించింది. నన్ను ఎవరూ తప్పుపట్టలేదు. కానీ ఇది రాయకుండా ఆయన గురించి రాస్తే అబద్ధమవుతుంది.

తర్వాత రెండుసార్లు వచ్చాడు. రెండోసారి డబ్బాను బల్ల మీదికి ఎత్తబోయి, ఎత్తలేక కింద పెట్టాడు. స్క్రూడ్రైవర్ నా చేతికిచ్చి, కుర్చీలో కూర్చుని, ఏది ముందు విప్పాలో చెప్పాడు. చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా వేలాడుతోంది. ఆ మధ్యాహ్నం ఫోన్ వస్తే వేపచెట్టు కిందికి పోలేదు. గోడ వైపు తిరిగి, ఫోన్‌ను దూరంగా పెట్టి మాట్లాడాడు.

భార్య దిగేసరికి ఆయన మంచంలో ఉన్నాడు. కడపకు మొదటిసారి అప్పుడే తీసుకుపోయారు. పన్నెండు రోజులు బతికాడు.

మంగళవారం ఖబరస్తాన్‌లో మట్టి వేసి, అందరితోపాటు ఇంటికి వచ్చాను. వాకిట్లో కుర్చీలు వేశారు. లోపలిగది గుమ్మానికి పరదా ఉంది. ఎక్స్‌రే సెంటర్ అబ్బాయి వచ్చాడా అని ఆమె కనుక్కుని, నన్ను దగ్గరికి పిలిపించింది. పరదా వెనక నుంచే అడిగింది.

"బొమ్మ నువ్వే తీసినావంట కదా నాయనా. ఎన్నాళ్లాయ?"

"నాలుగు నెల్లు దాటింది అత్తా."

"దినామూ చూస్తాంటి నేను" అంది. "మొగం ఏల అట్ల ఉండాదని అడిగితే, ఫోన్ పాతదయింది, కెమెరా బాగలేదు, దాంట్లో నల్లగా కనపడతా అనె. మిషన్ల సంగతి తెలిసిన మనిషి కదా. ఔ కామోసు అనుకుంటి."

పరదా పక్కనుంచి ఒక చెయ్యి ఫోన్ పట్టుకుని బయటికి వచ్చింది. వీడియోలో మాట్లాడుతుండగా తీసిపెట్టుకున్న ఫొటో. మామ నవ్వుతున్నాడు. కళ్ల కింద గుంటలు, పైకి తేలిన గొంతు ఎముక, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

"నువ్వు బొమ్మలు చూసేవానివి. చెప్పు, దీన్ని చూసి నాకు తెలిసిండాల్నా?"

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ఫోన్ తెర మసకబారినప్పుడల్లా ఆమె బొటనవేలు మెల్లగా దాన్ని తాకేది. ఆయన ముఖం మళ్లీ వెలిగేది.